గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద పెళ్ళివారు

మొన్న ఒక పెళ్ళికి పోయి భోజనం మధ్యలో లేచి వచ్చేశాను. నా పక్కన కూర్చున్నాయన రిటైరైన పెద్ద ఉద్యోగి. అప్పడం విరుచుకుంటూ, ఎవరూ అడక్కపోయినా చెప్పడం మొదలుపెట్టాడు. "తెలుగువాళ్ళ పెళ్ళంటే అనాదిగా ఒకటే పద్ధతండీ. ఆడపిల్ల ఇంటి ముందు పందిరి, అక్కడికి మగపెళ్ళివారు తరలి రావడం. శాస్త్రంలోనే ఉంది."

ఏ శాస్త్రంలో ఉందని అడిగాను. ఆయన నవ్వి, నా చొక్కా వైపు ఒకసారి చూసి, "మీదే ఊరు?" అన్నాడు. చెప్పాను. "ఓ, ఆ కరువు సీమా" అని అవతలి పక్కకు తిరిగిపోయాడు. విస్తరి ముందు నుంచి లేచాను. పెరుగన్నం దాకా ఆగి ఉండాల్సిందని ఇంటికొచ్చాక తోచింది.

నేను బడిలో చదివింది ఐదో తరగతి దాకానే. మిగిలిన చదువంతా శెనగలు కట్టిచ్చిన కాగితాలు విప్పి చదివింది, ఊరి లైబ్రరీలో అట్టలు ఊడిన పుస్తకాలు చదివింది. అయినా ఆ పెద్దమనిషికి తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. ఆయన అనాది ఆయన జిల్లా పొలిమేర దాకానే. అది దాటితే ఇంకో అనాది ఉంటుంది. ఆ రెండూ గుంతకల్లు స్టేషన్లో ఎదురుపడి కొట్టుకున్న రోజు నేను అక్కడే ఉన్నాను. మా అక్క పెళ్ళి ఆ మధ్యాహ్నం కొనఊపిరితో ఉండింది.

మాది ఎమ్మిగనూరు, మగ్గాల వీధి. నాకు అప్పుడు పన్నెండో పదమూడో. అక్కకు సంబంధం చూసింది బళ్ళారి నూలు ఏజెంటు. పెళ్ళికొడుకువాళ్ళది చీరాల. వాళ్ళకూ మాలాగే మగ్గాలు, మాలాగే నేతపని. పిల్లవాడు చూపులకు వచ్చినప్పుడు మాటలేమీ ఆడలేదు. పెద్దలు మాట్లాడుకుంటుంటే మగ్గం దగ్గరికి పోయి, తెగి వేలాడుతున్న పోగొకటి కనబడితే ముడివేసి వచ్చి కూర్చున్నాడు. మా నాయన అది చూసి ఒప్పేసుకున్నాడు.

మాట ఖాయం చేసుకునే రోజు ఏజెంటు రెండు వైపులా అడిగాడు, పెండ్లి ఎట్లా చేద్దామని. వాళ్ళ నాన్న "పద్ధతి ప్రకారమేనండీ" అన్నాడు. మా నాయన "పద్ధతి ప్రకారమేప్పా, మనకేం కొత్తా" అన్నాడు. తాంబూలాలు మార్చుకున్నారు. పసుపు పూసిన కాగితం మీద తిథి, నక్షత్రం, లగ్నం రాసుకున్నారు. ఏ ఊళ్ళో అని రాసుకోలేదు. ఏ చేత్తో అన్నం తినాలో ఎవరైనా రాసుకుంటారా?

మా వైపు పెళ్ళి మగపిల్లవాడి ఇంటి దగ్గర జరుగుతుంది. పిల్లను బంధువులందరం వెంటబెట్టుకొని పోయి, అక్కడ పెళ్ళి చేసి, అక్కడే వదిలి వస్తాం. పందిరి, వంట, మేళం అన్నీ వాళ్ళు చూసుకోవాలి. చీరాల వైపు పెళ్ళి ఆడపిల్ల ఇంటి దగ్గర. పందిరి, వంట, మేళం అన్నీ ఆడపెళ్ళివాళ్ళవి. ఈ ముక్క మాలో ఒక్కరికీ తెలియదు, వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఏజెంటుకు నూలు నంబర్లు తప్ప ఇంకేమీ తెలియవు.

బయలుదేరిన పొద్దున వీధంతా పడుగులకు పట్టించే గంజి వాసన. ఆ పుల్లటి వాసన లేని పొద్దు మాకు ఉండేది కాదు. అక్కను గడప దగ్గర నిలబెట్టి ముత్తైదువలు ఆమె ఒడిలో బియ్యం, ఎండుకొబ్బరి, పసుపు కొమ్ములు పోసి కొంగు ముడివేశారు. అదే ఒడిబియ్యం. అక్క గడప దాటగానే మా అవ్వ, అంటే నాయనమ్మ, తలుపు మూసి తాళం వేసింది.

"ఇంగ ఎనక్కి చూడగాకు తల్లీ" అని అక్కతో అంది. నా వైపు తిరిగి, "ఒరే, మీ యక్కను అంటిపెట్టుకొనుండు. ఒళ్ళో గింజ రాలిందంటే నీ యీపు పగలగొడతా" అంది.

అవ్వకు ఆ గడప అంటే భయం. ఒడిబియ్యంతో దాటిన పిల్ల మెడలో తాళి లేకుండా దాన్ని మళ్ళీ తొక్కకూడదు. అవ్వ చెల్లెలు ఒకామె, మాకు చిన్నవ్వ, అట్లాగే బయలుదేరి, దారిలో చావు కబురు ఎదురై పెళ్ళి ఆగిపోతే అదే బియ్యంతో తిరిగి వచ్చిందట. ఆ తర్వాత ఆమెను అడిగినవాళ్ళు లేరు. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆమె తల నెరిసింది. వెనక వసారాలో రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టేది. పిల్లలం పలకరిస్తే నవ్వేది, పెద్దలెవరైనా వస్తే లేచి లోపలికి పోయేది. ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి మాట వస్తే చాలు, అందరి చూపూ ఆ వసారా వైపు పోయి తిరిగి వచ్చేది. ఆ రోజు కూడా ఆమె మాతో రాలేదు. పక్కింటి అరుగు మీద కూర్చొని మేం బస్సు ఎక్కేదాకా చూసింది.

ఆదోనిలో దిగగానే పత్తిగింజల నూనె వాసన గుప్పుమంది. మాకు ఆదోని అంటే ముక్కుతో తెలిసే ఊరు. అక్కడ మా మామ, అమ్మ తమ్ముడు, మాతో కలిశాడు. పత్తి మిల్లులో మేస్త్రీ. తలలో, మీసాల్లో ఎప్పుడూ దూది ఉండేది. ముగ్గురితో మాట్లాడితే ముగ్గురితో మూడు భాషలు మాట్లాడేవాడు, తెలుగు, కన్నడం, తురకం. అవ్వకు అతని వాలకం నచ్చదు. "ఆ బీడీ పారెయ్, శుభమా అని పోతాంటే" అంది. "పారేసినా అత్తా, నోట్లో ఉండేది పొగే" అన్నాడు.

గుంతకల్లులో రైలు దిగేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. గుంటూరు పోయే చిన్నగేజీ బండి మధ్యాహ్నం తర్వాత. ముహూర్తం ఎల్లుండి తెల్లవారి. తొందరేమీ లేదు. రేకుల నీడలో దుప్పట్లు పరిచి, జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఎర్రకారం మూటలు విప్పాం. అక్క మాత్రం ట్రంకుపెట్టె మీద కూర్చొని, రెండు చేతులతో ఒడి పట్టుకొని ఉంది.

ముందుగా చూసింది మా పిన్ని.

"అద్దో, ఇంకో పెండ్లిగుంపు. పెండ్లికొడుకు ఆడ కూచోనుండాడు చూడండి. బుగ్గన చుక్క పెట్టినారు పాపం, చెమటకు గడ్డం దాకా కారింది."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. అవ్వ నవ్వలేదు. కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు చూసింది. "ఒరే, ఆ బట్టతలాయప్పను మనింట్లో చూసినాం గదరా" అంది నాయనతో.

నాయన లేచి పోయాడు. నేనూ వెంట పోయాను. బట్టతలాయన, అంటే పెళ్ళికొడుకు నాన్న, మా నాయనను చూసి పరుగులాంటి నడకతో ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయ్యయ్యో బావగారూ, మాకు ఎదురు రావడానికి ఇంత దూరం శ్రమపడ్డారా? ఇదేం మర్యాదండీ బాబూ."

"యాడ శ్రమప్పా, మీరే మాకోసరం ఈడిదాంక వచ్చినారే" అన్నాడు నాయన, ఆయన చేతులు వదలకుండా.

ఒకరి మర్యాదకు ఒకరు పొంగిపోయారు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. తర్వాత ఆయన అడిగాడు, "మరి మీ ఊరి బండి ఎన్నింటికండీ?"

"మా ఊరి బండి యాలప్పా? మీ ఊరి బండికే గదా మేం కాసుకోనుండేది."

ఇంజను ఒకటి నీళ్ళు పట్టుకుంటూ ఉండింది అవతలి పట్టాల మీద.

"మా ఊరికా? ఎందుకండీ?"

"పెండ్లికి."

"పెళ్ళి మీ ఇంట్లో కదండీ. పందిరి వేసే ఉంటారు కదా?"

"పందిరి మీరు గదప్పా యేసేది. మేం ఇంటికి తాళమేసుకొని వచ్చినాం."

నాయన అంగీ జేబులో తాళంచెవి ఉంది. దాన్ని ఎందుకో తీసి ఆయనకు చూపించాడు. ఆయన దానివైపు చూసి, నాయన ముఖం చూసి, మెల్లగా వెనక్కి తిరిగి, "అక్కయ్యా" అని పిలిచాడు.

ఆమె వాళ్ళకు పెద్దదిక్కు, పెళ్ళికొడుకు మేనత్త. ముక్కుకు రెండువైపులా పుడకలు, నుదుట రూపాయంత బొట్టు. సంగతి విని ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఆడపిల్ల ఇంటి ముందు పందిరి వెయ్యకుండా పిల్లని రైలెక్కించి పంపడం మేమెక్కడా చూళ్ళేదండీ. రెండు విస్తళ్ళు వెయ్యాల్సొస్తుందని కాకపోతే ఏంటిది? కరువు ప్రాంతం అని చెప్తూనే ఉన్నా, విన్నారా మీరు?"

"కరువులో మేం సావలేదు, మిమ్మల్ని అడుక్కోలేదు" అంది మా అవ్వ. ఎప్పుడు వచ్చిందో, నాయన పక్కనే నిలబడి ఉంది. "కొడుకు పెండ్లికి ఇంటి ముందర నాలుగు గుంజలు పాతనోళ్ళు మీరు. మందిని ఏసుకొని మా ఇంటి మీద పడి తినిపోదామని బయలెల్లినారు. సిగ్గు ఎవురికుండల్ల?"

రెండు వైపులా వేసిన నింద ఒకటే. అప్పుడు నాకు అది తెలియలేదు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఇద్దరూ ఎదుటివాళ్ళను గౌరవించాలనే ఇల్లు వదిలి బయలుదేరారు. ఆ గౌరవమే తిట్టయి కూర్చుంది.

పెళ్ళికొడుకు నాన్న సర్దబోయాడు. "పోనీ ఇప్పుడైనా మీ ఊరు వెళ్దాం పదండి. సాయంత్రానికి చేరమా? రేపంతా టైముంది, పందిరి వేయించుకోండి."

అవ్వ చెప్పింది, ఒడిబియ్యం సంగతి. మేనత్త విని, "బియ్యానికేం, విప్పి సంచిలో పోసి, ఇంటికెళ్ళాక మళ్ళీ కట్టండి" అంది. మా ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు.

"అయితే మీ ఊరికే తీస్కపోండి" అన్నాడు నాయన. "రేపు మద్దేనానికి పోతాం గదా."

"తాళి కట్టని పిల్లని ఊళ్ళోకి తీసుకెళ్తే మావాళ్ళు ఏమంటారో తెలుసా? లేపుకొచ్చారంటారు. దిక్కులేని పిల్లని తెచ్చుకున్నారంటారు. నలుగురిలో తలెత్తుకోగలమా?" మేనత్త తమ్ముడి వైపు తిరిగింది. "ఇక చాలు. గుంటూరు బండికి వెళ్ళిపోదాం. ఇంకో ముహూర్తం చూసుకోవచ్చు."

ఇంకో ముహూర్తం అంటే ఏమిటో ప్లాట్‌ఫారం మీద అందరికీ తెలుసు. అమ్మ కూలబడిపోయింది. నేను అక్క దగ్గరికి పరిగెత్తాను. అక్క అంతా విన్నట్టే ఉంది. ఆమె వేళ్ళు కొంగు ముడి మీద తెల్లబడిపోయి ఉన్నాయి. "చిన్నవ్వకు ఎన్నేండ్లప్పుడు రా అది?" అని అడిగింది నన్ను, నావైపు చూడకుండా. నాకు తెలియదు.

పెద్దలు ఇట్లా ఉంటే, అవతల పిల్లలు వాళ్ళ మూటా మా మూటా కలిపేసుకున్నారు. చీరాల పిల్లలు అరిసెలు ఇచ్చి జొన్నరొట్టె తీసుకున్నారు. నమలలేక దవడలు నొక్కుకుంటున్నారు. పెళ్ళికొడుకు తమ్ముడు ఒకడు నా ఈడువాడు, "మాది గుంటూరు మిరపకాయ, మీ కారం మాకెంత" అని మా ఎర్రకారం వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు ధారలు కడుతున్నా, "చప్పగా ఉందండీ" అన్నాడు. నాతో అండీ అన్నవాడు నా జన్మలో వాడే మొదలు. ఆ భయంలోనూ నాకు నవ్వొచ్చింది, నవ్వినందుకు పిన్ని నెత్తిన మొట్టింది.

గుంటూరు బండి పెట్టెలు తెచ్చి అవతలి లైనులో పెట్టారు. వాళ్ళ మగవాళ్ళు సామాన్లు సర్దడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఎక్కడున్నాడో మా మామ, బీడీ పారేసి వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"మీ ఊరొద్దు, మా యక్కోళ్ళ ఊరొద్దు. ఆదోనికి పోదాం. ఎండకాలం, మిల్లు నిలిపినారు. షెడ్డు ఖాళీగా ఉంది. సేటును నేను అడుగుతా, నా మాట కాదనడు."

"మిల్లులోనా పెళ్ళి?" అంది మేనత్త. "మావాడేమన్నా పత్తిబేలా, తూకం వేసి అప్పజెప్పడానికి?"

"తూకంలో మోసం ఉండదక్కా. ఆడ కాటా కాడ నిలబడేది నేనే."

ఎవరో నవ్వారు. ఎవరి వైపు వాళ్ళో తెలియలేదు. మేనత్త నవ్వలేదు. పెళ్ళికొడుకు నాన్న గడియారం వైపు, అక్కగారి వైపు, బండి వైపు చూస్తున్నాడు. బొంబాయి వైపు పోయే బండి, ఆదోని మీదుగా పోయేది, ముందుగా వచ్చి ఆగింది. అది ఎక్కువసేపు ఆగదు.

అప్పుడు పెళ్ళికొడుకు లేచాడు. పొద్దుటి నుంచీ అతను ఒక్క మాట మాట్లాడలేదు. నేరుగా మా గుంపులోకి వచ్చి అక్క ముందు ఆగాడు. అక్క గబుక్కున లేచి నిలబడింది. అతను ఆమె కూర్చున్న ట్రంకుపెట్టె ఎత్తి భుజం మీద పెట్టుకొని, పోయి ఆదోని బండిలో పెట్టి, తనూ ఎక్కి కూర్చున్నాడు.

పెళ్ళికొడుకు ఎక్కాక వాళ్ళు ఎక్కకుండా ఎట్లా ఉంటారు? రెండు గుంపులూ ఒకే పెట్టెలో పడ్డాం.

మిల్లు గేటు దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. వాళ్ళు వీధికి అటు నిలబడ్డారు, మేం ఇటు. మగపెళ్ళివారిని ఎదురొచ్చి లోపలికి పిలవాలని వాళ్ళు. పిల్లను తెచ్చినవాళ్ళను కాళ్ళు కడిగి పిలవాలని మేము. పొద్దు వాలుతోంది, ఒక్కరూ గేటు దాటలేదు. మిల్లు వాచ్‌మన్ ముసలి సాయిబు. మా మామ చెవిలో ఏదో చెప్పగానే ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి గేటు బార్లా తెరిచాడు.

"రాండప్పా రాండి, అమ్మా మీరూ రాండి. ఈడ ఇల్లు నాదే అనుకోండి. నాకు ఇద్దురూ సుట్టాలే."

ఆ చెంబు నీళ్ళతో అందరం కాళ్ళు కడుక్కున్నాం.

మర్నాడంతా షెడ్డు ఊడ్చడమే. ఎంత ఊడ్చినా దూది రాలుతూనే ఉండింది, దూలాల మీంచి, గోడల్లోంచి. అందరికీ తుమ్ములు. పురోహితుడు వాళ్ళతో వచ్చినాయనే. వంటకు పక్క ఇళ్ళ సాయిబులు పెద్ద డేగిశాలు ఇచ్చారు. మేనత్త వాటిని దూరంగా నిలబడి చూసి, "ఎవరి గిన్నెలండీ అవి?" అంది. అవ్వ తల ఎత్తకుండా "కడిగిన గిన్నెలు" అంది. పెళ్ళి పొద్దున మా వాళ్ళు ఉగ్గాని చేశారు, నానేసిన బొరుగులకు తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీలు. "పెళ్ళిలో మరమరాలా?" అని వాళ్ళలో ఒకాయన అనడం నేను విన్నాను. ఆయనే మూడోసారి వడ్డించుకోవడం కూడా చూశాను.

ముహూర్తానికి మంత్రం మధ్యలో పురోహితుడికి తుమ్ము వచ్చింది. అందరూ బిగుసుకుపోయారు. తుమ్ము అపశకునమన్న నమ్మకం మాత్రం రెండు వైపులా ఒకటే. మేనత్త లేవబోయింది. అవ్వ ఆమె మోచేయి పట్టుకొని కూర్చోబెట్టి, "ఈడ అందరికీ తుమ్ములే గదమ్మా, ఏ దాన్నని లెక్కేస్తావు" అంది. ఆ మాట అయ్యేలోపల తాళి పడింది. నేను అక్క తల వెనక దీపం పట్టుకొని నిలబడి ఉన్నాను. ఆమె జడ మీద, అతని భుజాల మీద సన్నగా దూది రాలి ఉంది.

భోజనాలయ్యాయి. ఆ తర్వాత ఎవరూ లేవలేదు.

మా వైపు పెళ్ళి అయిపోయాక పిల్లను లోపల ఆడవాళ్ళ మాటల్లో పెట్టి, మేం ఒక్కొక్కరం చప్పుడు కాకుండా లేచి వచ్చేస్తాం. ఆమె బయటికి వచ్చి చూసేసరికి పుట్టింటివాళ్ళు ఉండరు. మాకు తెలిసిన అప్పగింత అదే. వాళ్ళ వైపు పుట్టింటివాళ్ళు గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే పిల్లను తీసుకొని పోతారు. ఇప్పుడు ఇక్కడ గుమ్మం ఎవరిది? వాళ్ళు మేం ఏడవడం కోసం కూర్చున్నారు. మేం జారుకునే అదను కోసం కూర్చున్నాం.

నాయన ఒకసారి లేచాడు. చెప్పులు చేత్తో పట్టుకొని గేటు దాకా పోయాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి షెడ్డు వైపు చూశాడు. బిడ్డను వదిలి పోవాల్సింది ఒక ఇంట్లో. ఇది ఇల్లు కాదు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు అక్క లేచింది. చీర మీది దూది దులుపుకుంది.

"నాయనా, మీరు కూచోండి. మేమే పోతాం" అంది.

రెండు రోజుల్లో ఆమె పెద్దల ఎదుట అన్న మాట అదొక్కటే. మేనత్త ముఖం చూశాను. ఆమె ముందుకు వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది.

వాళ్ళు స్టేషను వైపు నడిచి పోయారు. మేం గేటు దగ్గర నిలబడ్డాం. మా వంశంలో అంతకు ముందు ఏ తండ్రీ కూతురు వీపు చూసి ఎరగడు. అందరూ తామే వీపు తిప్పి వచ్చినవాళ్ళు. ఏడవాలో, చెయ్యి ఊపాలో, లోపలికి పోవాలో మా నాయనకు ఎవరూ నేర్పలేదు. మలుపు తిరిగి అక్క కనబడకుండా పోయాక కూడా చాలాసేపు అట్లాగే నిలబడి, చివరికి నన్ను అడిగాడు.

"ఏమిరా, ఇప్పుడు ఏం జేయల్ల మనం?"

ఇప్పుడు నా వయసు ఆనాటి మా నాయన వయసు కంటే చాలా ఎక్కువ. నాకూ కూతుళ్ళు పుట్టారు, నేనూ పంపించాను. ఆ రోజు ఆయన ముఖం చూసినవాణ్ణి కాబట్టి, ఆ గడియకు ఏం చేయాలో, ఏం మాట్లాడాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాను. తీరా కారు కదిలాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకూ తెలియలేదు.